పేరు మారిన బ్రేకర్

హిందూపురంలో కరెంటు ప్యానెళ్ళు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నాది డ్రాయింగులు గీసే ఉద్యోగం. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో, మధ్యలో ఏ స్విచ్చి ఉందో, చివర ఏ మోటారు ఉందో చూపించే సర్క్యూట్ డ్రాయింగులు అవి. మా అవ్వకు ఈ పని ఏమిటో ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "మా పాప కంప్యూటర్లో గీతలు గీస్తాది" అని చెప్పేది. నేను కూడా చాలాకాలం అంతే అనుకున్నాను. గీతలే కదా, తప్పయితే చెరిపేసి మళ్ళీ గీయొచ్చు అనుకున్నాను.

మా పనిలో ప్రతి వస్తువుకూ ఒక పేరు ఉంటుంది. ఒక అక్షరం, దాని పక్కన ఒక అంకె. మోటారుకు ఎం, కరెంటును ఆపే బ్రేకర్‌కు క్యూ, మోటారును నడిపే కాంటాక్టర్‌కు కె. ఆ పేరే చిన్న పసుపు స్టిక్కర్ మీద అచ్చువేసి, ప్యానెల్ లోపల ఆ వస్తువు కింద అంటిస్తారు. కాగితం మీద ఉన్న పేరూ ప్యానెల్‌లో ఉన్న పేరూ ఒకటే అయి ఉండాలి. రిపేరుకు వెళ్ళినవాడు కాగితం చూసి, స్టిక్కర్ వెతికి, బ్రేకర్ కిందికి దించి, ఆ తర్వాతే చెయ్యి పెడతాడు.

ఇదంతా నాకు పాలిటెక్నిక్‌లో చెప్పారు. కానీ అర్థమయ్యేలా చెప్పింది మా కంపెనీ ఎలక్ట్రీషియన్. రొద్దం దగ్గరి పల్లె ఆయనది. యాభై దాటాయి. కంపెనీలో అందరికంటే పాత మనిషి. నేను అన్నా అనేదాన్ని, ఆయన పాపా అనేవాడు. నేను చేరిన మొదటి వారంలోనే నన్ను ఒక ప్యానెల్ ముందు నిలబెట్టి తలుపు తెరిచాడు.

"నాకు ఇంగ్లీషు రాదు పాపా. ఈ అచ్చరాలు మాత్రం వచ్చు. ఒక మిషన్‌కు ఒకటే అంకె పెట్టుకో. క్యూ5, కె5, ఎం5. అయిదు అని కనిపిస్తే అయిదో మిషన్ సంసారమంతా ఆడ ఉండాదని నాకు తెలిసిపోవల్ల. అంతే."

నేను తలూపాను. ఆ మాటను నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా.

నేను చెప్పబోయే సంగతి జరిగేటప్పటికి నేను చేరి ఎనిమిది నెలలయింది. ధర్మవరంలో పట్టు దారానికి పురి పెట్టే ఒక చిన్న మిల్లుకు మా కంపెనీ ఎప్పుడో ప్యానెల్ చేసి ఇచ్చింది. ఆ మిల్లులో అయిదు మిషన్లు ఉండేవి. మొదటి మూడూ దారం చుట్టేవి, నాలుగూ అయిదూ పురి పెట్టేవి. మూడో మిషన్ పాతబడిందని వాళ్ళు తీసేశారు. ఆ మార్పుతో కొత్త డ్రాయింగ్ కావాలన్నారు. సార్ ఆ పని నాకిచ్చాడు. సార్ అంటే మా కంపెనీ యజమాని.

అరగంట పని అది. మూడో మిషన్ సర్క్యూట్‌ను చెరిపేశాను. బ్రేకర్ల పేజీలో క్యూ1, క్యూ2, తర్వాత క్యూ4, క్యూ5 మిగిలాయి. మధ్యలో పన్ను ఊడిన నోరులాగా కనిపించింది. నాకు ఆ ఖాళీ నచ్చలేదు. సాఫ్ట్‌వేర్‌లో అంకెలను వరుసగా సర్దే బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కాను. క్యూ4 క్యూ3 అయింది, క్యూ5 క్యూ4 అయింది. పేజీ శుభ్రంగా కనిపించింది. కాంటాక్టర్లు వేరే పేజీలో ఉన్నాయి. ఆ పేజీని నేను తెరవలేదు. ధర్మవరంలో ఉన్న ప్యానెల్‌లో పసుపు స్టిక్కర్లు పాత పేర్లతోనే ఉన్నాయన్నది ఆ నిమిషంలో నా తలలోకి రానేలేదు. డ్రాయింగ్ అచ్చు తీసి, ఫైలులో పెట్టి, ఇంకో పనిలో పడ్డాను.

నెల తర్వాత ఒక గురువారం ఆ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. అయిదో మిషన్ ఉన్నట్టుండి ఆగిపోతోందని, మనిషిని పంపమని. ఎలక్ట్రీషియనన్న పొద్దున్నే ఆ ఫైలు తీసుకుని బండి మీద వెళ్ళాడు. సార్ సామాన్ల కోసం బెంగళూరు వెళ్ళాడు. ఆఫీసులో నేనూ, వెనక షెడ్డులో వైరింగ్ చేసేవాళ్ళూ మిగిలాం.

పన్నెండున్నర దాటాక అన్న ఫోన్ చేశాడు. ఒంటిగంటలోపు పంపాల్సిన డ్రాయింగ్ ఒకటి నా చేతిలో ఉంది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మౌస్ కదుపుతూనే మాట్లాడాను.

"పాపా, అయిదో మిషన్‌కు బ్రేకరేమో క్యూ4 అని ఉండాది. కాంటాక్టరేమో కె5 అని ఉండాది. అంకె కలుస్తాలేదే."

"అది కొత్త డ్రాయింగ్ అన్నా. అందులో ఉన్నదే కరెక్టు."

"కరెక్టేనా? చూసి చెప్తాండావా?"

"కరెక్టే అన్నా."

"సరే మళ్ళ."

చూసి చెప్తున్నావా అని ఆయన అడిగాడు. నేను చూడలేదు. ఆ ఫైలు తెరవడానికి ఒక నిమిషం కూడా పట్టదు. అయినా తెరవలేదు. ఇది మాత్రం నేను ఎవరికి చెప్పినా దాచకుండా చెబుతాను.

చేతిలో పని పంపేసి క్యారియర్ విప్పాను. రెండు ముద్దలు తిన్నానేమో. కె5, క్యూ4 అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఒక మిషన్‌కు ఒకటే అంకె అని నాకు నేర్పిన మనిషే అంకె కలవలేదని అడిగాడు, నేను కరెక్టే అన్నాను. ఎందుకు కలవలేదు? ఎడమ చేత్తోనే పాత డ్రాయింగ్ తెరిచాను. క్యూ5, అయిదో మిషన్. పక్కన కొత్తది తెరిచాను. క్యూ4, అయిదో మిషన్.

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ధర్మవరంలో ఆ ప్యానెల్ ముందు నిలబడిన మనిషి ఏం చేస్తాడో నాకు సినిమాలా కనబడింది. కాగితం చూస్తాడు. క్యూ4 అని స్టిక్కర్ ఉన్న బ్రేకర్‌ను దించుతాడు. అది నాలుగో మిషన్‌ది. అయిదో మిషన్‌కు కరెంటు అలాగే ఉంటుంది. అది పోయిందనుకుని ఆయన చెయ్యి పెడతాడు.

చెయ్యి కడుక్కోకుండానే ఫోన్ తీశాను. రింగయి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ. పని చేసేటప్పుడు ఆయన ఫోన్‌ను బండి డిక్కీలో పెట్టి తాళం వేస్తాడని నాకు తెలుసు. చేతులు ఖాళీగా ఉండాలంటాడు. "అన్నా, క్యూ4 కాదు, క్యూ5 దించు, క్యూ5" అని మెసేజ్ పెట్టాను. ఒక్క టిక్కు దగ్గరే నిలిచిపోయింది. కంప్యూటర్లో మిల్లు యజమాని నంబరు ఒక్కటే ఉంది. అది స్విచ్ఛాఫ్. పొద్దున మిల్లు నుంచి ఎవరు ఫోన్ చేశారో సార్‌కే తెలుసు, ఆ ఫోన్ సార్‌కే వచ్చింది.

సార్ పేరు ఫోన్‌లో తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. ఆయనకు ఒక్క ఫోన్ చేస్తే మిల్లులో ఎవరిదో ఒకరిది నంబరు దొరికేది. నొక్కలేదు. నాకు ఉద్యోగం ఖాయం చేస్తున్నట్టు ఆ నెలలోనే కాగితం ఇస్తానన్నాడు సార్. మా నాయన కుట్టు మిషన్ మీద వచ్చేదానితో మా ఇల్లు అంతంతమాత్రంగా నడిచేది. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన సమయంలో నేను ఇదంతా ఆలోచించాను. ఆలోచించి, ఫోన్ సంచీలో వేసుకుని, పాత డ్రాయింగ్ అచ్చు తీసి మడిచి అందులోనే పెట్టుకుని, ఆటో ఎక్కి బస్టాండుకు పోయాను. నేనే వెళ్ళి ఎవరికీ తెలియకుండా సరిచేయాలన్నదే ఆ పరుగులో ఉన్న సగం ఆశ.

ధర్మవరం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని ఫోన్ చేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ పూర్తిగా రింగయి ఆగేది. మొదట్లో రింగవుతుంటే ధైర్యంగా ఉండేది, ఫోన్ బతికే ఉందని. కొంచెం దూరం పోయాక ఆ మోతే నన్ను భయపెట్టడం మొదలుపెట్టింది. ఫోన్ బతికి ఉంటే మనిషి బతికి ఉన్నట్టు కాదు కదా.

బస్సు పెనుకొండ చేరింది. డ్రైవరు టీకి దిగాడు. కొండ మీద ఎండ తెల్లగా కాస్తోంది. నా చేతిలో ఫోన్ మోగింది. అన్న నంబరు.

"ఇన్నిసార్లు చేసినావేం పాపా."

ఆ గొంతు వినగానే నాకు ఏడుపు వచ్చింది. "అన్నా, క్యూ4 కాదన్నా, క్యూ5. నేను తప్పు చెప్పినా. నువ్వు బాగుండావా?"

ఆయన పక్కకు జరిగిన చప్పుడు వినబడింది. తర్వాత మెల్లగా అన్నాడు. "తెలిసిందిలే. నాకేం కాలేదు. మిషన్ తిరిగింది. ఈడ పనిచేసే ఆయమ్మ చెయ్యి ఇరుక్కున్యాది. ఆస్పత్రికి తీసకపోయినారు."

"చెయ్యి ఎట్లుండాదన్నా?"

"రక్తం పోయింది. ఇంకేం తెల్దు. నేను మళ్ళ చేస్తా." పెట్టేశాడు.

మా బస్సు పక్కనే హిందూపురం పోయే బస్సు ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది. దిగి దాంట్లో ఎక్కితే ఇంటికి పోవచ్చు. జ్వరమని చెప్పి పడుకోవచ్చు. అచ్చం అలాగే అనుకున్నాను. డ్రాయింగ్ మీద కింద మూలలో గీసినవాళ్ళ పేరు ఉండే గడిలో నా పొడి అక్షరాలు ఉన్నాయి, అవి చూసి నా దాకా ఎవరు వస్తారులే అని కూడా అనుకున్నాను. నేను దిగలేదు. మంచితనం వల్ల దిగలేదని చెబితే అబద్ధం అవుతుంది.  లేచి నిలబడేలోగా డ్రైవరు వచ్చాడు, బస్సు కదిలింది.

కొత్తచెరువు మీదుగా ధర్మవరం దాకా ఆ దారి నాకు బాగా తెలిసిందే. ఆ రోజు ఏం చూశానో మాత్రం గుర్తులేదు. బస్సులో ఉన్న ఆడవాళ్ళ చేతులు గుర్తున్నాయి. ముందు సీటు కమ్మీ పట్టుకున్న చేతులు, వేరుశెనక్కాయల సంచీ పట్టుకున్న చేతులు, బిడ్డ వీపు మీద ఆనించిన చెయ్యి. నా పక్కన కూర్చున్న ముసలామె వక్క కత్తిరించుకుంటోంది. ఆమె వేళ్ళ మధ్య కత్తెర ఆడినప్పుడల్లా నేను కళ్ళు మూసుకున్నాను. పురి మిషన్‌లో బెల్టు ఉంటుంది, రోలర్ ఉంటుంది, వరుసగా కదుళ్ళు ఉంటాయి. వేటి మధ్య పడితే చెయ్యి ఏమవుతుందో ఒక్కొక్కటే లెక్క వేస్తూ పోయాను. ఆమె ఎవరో, ఎంత వయసో నాకు తెలియదు. ఒకసారి మా అమ్మ వయసు మనిషిలా, ఒకసారి పెళ్ళి కావాల్సిన పిల్లలా కనబడింది.

"ఏం పాపా, వాంతి వస్తాందా?" అని ముసలామె అడిగింది. లేదని తల ఊపాను. ఆమె నమ్మలేదు, సంచీలోంచి నిమ్మకాయ తీసి చేతిలో పెట్టింది.

మిల్లు ఒక సందు చివర ఉంది. దూరం నుంచే మోత వినబడాలి. ఏ మోతా లేదు. గేటు దగ్గర మెట్టు మీద అన్న కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఆయన తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఒక్కదానివే వచ్చినావా?" అన్నాడంతే. లోపలికి నడుస్తూ జరిగింది చెప్పాడు.

క్యూ4 దించాడు. నాలుగో మిషన్ అన్నం వేళకని ముందే ఆపి ఉంది, అందుకే ఎక్కడా ఏదీ ఆగినట్టు తెలియలేదు. అయిదో మిషన్ చెడిపోయి ఎట్లాగూ నిలిచే ఉంది. కరెంటు తీసేశానని, చిక్కుపడిన దారం తీసేయమని మిషన్ దగ్గర ఉన్న ఆమెతో చెప్పాడు. ఆమె చెయ్యి పెట్టి దారం లాగుతోంది. ప్యానెల్ దగ్గర ఈయన కె5 కాంటాక్టర్ ఇరుక్కుందేమోనని వేలితో నొక్కి చూశాడు. పైనుంచి కరెంటు అలాగే ఉంది కనుక నొక్కగానే మోటారుకు అందింది. మిషన్ ఒక్క కుదుపు కుదిపింది. అరుపు వినగానే వేలు తీసేశాడు.

"రెప్పపాటంత సేపు కూడా లేదు. అదే మా అదృష్టం" అన్నాడు. ఆయన చెయ్యి చొక్కా గుండీ దగ్గర ఊరికే తచ్చాడుతోంది.

అయిదో మిషన్ దగ్గర నేల మీద పగిలిన మట్టి గాజుల ముక్కలున్నాయి. తెల్ల పట్టు దారం మీద చుక్కలు చుక్కలుగా రక్తం ఎండి గోధుమరంగుకు తిరిగింది. 

ఆమెను ఆసుపత్రి నుంచి అప్పుడే తీసుకొచ్చారు. దారం మూటల పక్కన ఒక స్టూలు మీద కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళు ఉంటాయేమో. కనగానపల్లి వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి పనిచేసి పోతుంది. కుడి మణికట్టు నుంచి సగం అరచేయి దాకా కట్టు కట్టారు. కట్టు బయట అయిదు వేళ్ళూ ఉన్నాయి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. గాజులు విరిగి లోతుగా కోసుకున్నాయని, కుట్లు వేశారని, ఎముకకు ఏమీ కాలేదని పక్కనున్న ఇంకొకామె చెప్పింది.

ఆమె ముందు మిల్లు సూపర్‌వైజర్ నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక తెల్లకాగితం. దాని మీద రాసింది ఆయనే పైకి చదువుతున్నాడు. మిషన్ నడుస్తుండగా చెప్పినా వినకుండా చెయ్యి పెట్టడం వల్ల దెబ్బ తగిలిందని, ఇందులో ఎవరి తప్పూ లేదని. కింద ఆమె సంతకం చేయాలి.

"నేను వినకుండా పెట్టలేదు సార్. కరెంటు తీసినామని ఈయప్ప చెప్తేనే పెట్టినా" అంది ఆమె.

"అట్లంటే ఎట్లమ్మా. కరెంటు తీసుంటే మిషన్ ఎట్ల తిరుగుతుంది? నువ్వు చూసుకోవల్ల గదా. సంతకం పెట్టి ఇంటికి పో. నయమైనాక చూద్దాం, పనికి రావచ్చో లేదో."

అన్న ఏదో అనబోయాడు. సూపర్‌వైజర్ ఆయన్ను చూసి, "నువ్వు బ్రేకర్ దించింది నేను కళ్ళారా చూసినా. నీ తప్పు లేదు. నువ్వు ఊరుకో" అన్నాడు.

ఆ నిమిషంలో అందరికీ ఒక దారి దొరికింది. మిల్లుకు ఇబ్బంది లేదు. మా కంపెనీకి ఇబ్బంది లేదు. అన్న మీదికి మాట రాదు. నా మీదికి రానే రాదు, నేను ఎవరో కూడా వాళ్ళకు తెలియదు.   ఆ ఒక్క సంతకంతో అంతా ముగుస్తుంది. ఆమె ఎడమచేత్తో పెన్ను పట్టుకోబోయింది. రాత అలవాటున్న చేతికి కట్టు ఉంది.

"ఆయమ్మ తప్పు కాదు సార్" అన్నాను.

సూపర్‌వైజర్ నా వైపు తిరిగాడు. "నువ్వెవరమ్మా?"

"హిందూపురం నుంచి వచ్చినా. ఈ డ్రాయింగ్ గీసింది నేనే. బ్రేకర్ పేరు తప్పు రాసినా. ఈయన ఫోన్ చేసి అడిగితే కూడా చూడకుండా కరెక్టే అని చెప్పినా. నేను చెప్పినట్టే ఆయన దించినాడు. కరెంటు పోలేదు."

సంచీలోంచి పాత డ్రాయింగ్ తీసి, అన్న తెచ్చిన ఫైలులోని కొత్తదాని పక్కన పెట్టాను. క్యూ5 ఉన్న చోటు చూపించబోయి ఇంకేదో చూపించాను. మళ్ళీ చూపించాను.

సూపర్‌వైజర్ రెండు కాగితాలూ మార్చి మార్చి చూశాడు. అప్పుడు అన్న ముందుకు వచ్చాడు. "పాప ఒక్కదాందే కాదు సార్. బ్రేకర్ దించినాక టెస్ట్ ల్యాంపు పెట్టి కరెంటు పోయిందో లేదో చూడల్ల. ముప్పై ఏండ్లుగా చూస్తాండా. ఈరోజు చూడల్యా. ఆఫీసులో కరెక్టని చెప్పినారు గదా అనుకున్యా. అది నా తప్పు."

సూపర్‌వైజర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. యజమానికి ఫోన్ కలపడానికి బయటికి వెళ్ళాడు. నేను ఆమె దగ్గర కూర్చున్నాను. ఆమె ముఖం వైపు చూడలేక కట్టు వైపే చూశాను.  ఆమే అడిగింది.

"ఆ పేర్లు ఎవురు పెడతారు పాపా?"

"మేమే పెడతామమ్మా."

"ముందు ఒక పేరు ఉండ్య గదా. ఏంటికి మార్చినావు?"

వరుస బాగుండాలని మార్చాను అని చెప్పాలి. ఇంకే కారణమూ లేదు. అది ఆమెకు చెప్పడానికి నేను పడిన అవస్థ సార్‌కు చెప్పేటప్పుడు కూడా పడలేదు. చెప్పాను. ఆమె కోప్పడలేదు. అర్థం కానట్టు నన్ను చూసి, "అంతేనా" అంది.

సాయంత్రం అయిదింటికి ఆమెను ఊరి బస్సు ఎక్కించాం. తర్వాత అన్న నన్ను ప్యానెల్ ముందుకు తీసుకెళ్ళాడు. అయిదో మిషన్ రిపేరు ఇంకా మిగిలే ఉంది. నాకు ఆ గదిలోకి పోవాలని లేదు.

"రా. ఇప్పుడు పోకుంటే ఇంకెప్పుడూ పోలేవు" అన్నాడు.

కొత్త డ్రాయింగ్ మీద నేను పెన్నుతో క్యూ4 కొట్టేసి క్యూ5 అని రాశాను. క్యూ3 కొట్టేసి క్యూ4 రాశాను. మూడో చోట ఖాళీ అని తెలుగులోనే రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. పేజీ అంతా గీతలతో అసహ్యంగా తయారైంది.

"చెప్పు. ఏది దించల్ల?"

"క్యూ5."

"చూసి చెప్తాండావా?"

ఆయన ఎగతాళికి అనలేదు. నేను కాగితం చూశాను, స్టిక్కర్ చూశాను, స్టిక్కర్ పైన ఉన్న తీగను వేలితో కాకుండా కంటితో పట్టుకుని కిందికి కె5 దాకా వచ్చాను. క్యూ5 అన్నాను. ఆయన దించాడు. టెస్ట్ ల్యాంపు రెండు కొసలూ నా చేతికిచ్చాడు. టెస్ట్ ల్యాంపు అంటే హోల్డర్‌లో బల్బు, దానికి రెండు వైర్లు. కరెంటు ఉంటే వెలుగుతుంది. పొద్దున దించిన క్యూ4ను పైకెత్తి, ముందు దాని కింద పెట్టమన్నాడు. భగ్గున వెలిగింది. నేను వెనక్కి గెంతాను. ల్యాంపు పనిచేస్తోందని తెలియడానికి అలా చూస్తారు. తర్వాత క్యూ5 కింద. కొసలు తగిలించాను. బల్బు వెలగలేదు. మోటారుకు పోయే తీగలు మూడు, వాటిని జతలుగా చూడాలి కనుక రెండో జత మీద పెట్టాను. మూడో జత మీద పెట్టాను. వెలగలేదు. అయినా మళ్ళీ మొదటి నుంచి మూడూ చూశాను. ఆయన తొందరపెట్టలేదు.

మరునాడు పొద్దున సార్ వచ్చేటప్పటికి నేను ఆయన గది ముందు నిలబడి ఉన్నాను. రాత్రే మిల్లు యజమాని ఫోన్ చేసి అంతా చెప్పినట్టున్నాడు. సార్ నన్ను కూర్చోమనలేదు. ముందురోజు తనకు ఎందుకు ఫోన్ చేయలేదని మొదట అడిగాడు.

"భయపడినాను సార్."

"నువ్వు ఫోన్ చేసుంటే రెండు నిమిషాల్లో మిల్లులో చెప్పేవాణ్ణి. అది తెలుసా నీకు?"

ఆ మాట నాకు తెలుసు. బస్సులో కూర్చున్నప్పటి నుంచీ తెలుసు. నేను క్యారియర్ పక్కన పెట్టి సార్‌కు ఫోన్ చేసి ఉంటే ఆమె చెయ్యి పెట్టకముందే కబురు అందేదా లేదా అని ఎన్నోసార్లు గంటలు లెక్కవేసి చూశాను. అందేదేమో. తేలలేదు. తేలదు కూడా.

ఉద్యోగం పోలేదు. ఖాయం చేసే కాగితం మాత్రం ఏడాది ఆగింది. ఆసుపత్రి ఖర్చూ, ఆమె ఇంట్లో ఉన్నన్నాళ్ళ కూలీ, మిల్లు వాళ్ళూ మేమూ కలిసి పెట్టుకున్నాం. ఆమె నెలన్నరకు పనిలోకి వచ్చింది. చిటికెన వేలు పూర్తిగా మడత పడదని, మిగతా పనికి ఇబ్బంది లేదని అన్న చెప్పాడు. నేను ఒకసారి వెళ్ళి చూసి వచ్చాను. నాతో బాగానే మాట్లాడింది. ఆమె పనిచేసే మిషన్ తిరుగుతుంటే దాని పక్కన నేను ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఆ పొద్దున నేను సార్ గదిలోంచి బయటికి రాబోతుండగా ఆయన వెనక నుంచి అడిగాడు. "ఆ బటన్ ఇంకా ఎన్ని డ్రాయింగుల మీద నొక్కినావు?"

ఆ ప్రశ్న నాకు అంతదాకా తోచలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఎనిమిది నెలల పని అంతా తిరగేశాను. ఇంకో రెండు దొరికాయి. ఒకటి హిందూపురంలోనే, మాకు నాలుగు వీధుల అవతల. పరుగెత్తుకుంటూ పోయి చూస్తే అక్కడ ప్యానెల్ కొత్త డ్రాయింగ్ వచ్చాకే చేశారు, స్టిక్కర్లు సరిగ్గానే ఉన్నాయి. రెండోది పెనుకొండలో ఒక నూనె మిల్లు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తిన మనిషి ఏదో మోతలో ఉన్నాడు, నా మాట ఆయనకు వినబడలేదు. మళ్ళీ అదే బస్సు ఎక్కాను, ఈసారి సార్‌కు చెప్పి.

పెనుకొండలో దిగి మిల్లు చేరేదాకా ఎవరో ఒకరు చేతికి కట్టుతో ఎదురొస్తారని చూస్తూనే నడిచాను. ప్యానెల్ తలుపు తెరిస్తే స్టిక్కర్లు పాతవే. నా డ్రాయింగ్ తప్పే. కానీ ప్రతి బ్రేకర్ కిందా తెల్ల పెయింటుతో తెలుగులో రాసి ఉంది. పెద్ద గానుగ. చిన్న గానుగ. బాయి మోటరు. ఫ్యాను.

"ఇవి ఎవరు రాసినారు?" అని ఆపరేటర్‌ను అడిగాను.

"నేనే రాసుకున్యా. మీ కాగితం చూస్తే ఒకటి చెప్తాది, ఈడ చూస్తే ఇంకొకటి ఉండాది. దాన్ని నమ్మితే ఎట్ల? ఒక్కొక్కటే దించి, ఏది ఆగుతాదో చూసి రాసినా."

"ఎప్పుడు రాసినారు?"

"మీ కాగితం వచ్చిన రోజే."

నేను ఆ పేర్లన్నీ ఒక్కొక్కటే డ్రాయింగ్ మీద క్యూ అంకెల పక్కన రాసుకున్నాను. ఆయన బ్రేకర్లు దించి చూపించాడు, నేను ప్రతిదానికీ ల్యాంపు పెట్టి చూశాను. మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చాను. ఆఫీసులో ఆ డ్రాయింగ్‌ను సరిచేసి, తెలుగు పేర్లు కూడా అందులోనే ఉంచి, అచ్చు తీసి సార్ బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూసి సంతకం చేశాడు. నేను మాత్రం ఇంటికి పోయేముందు ఆ ఫైలు మళ్ళీ ఒకసారి తెరిచాను. మూడుసార్లు చూసినా సరిగ్గానే ఉంది. నాలుగోసారి కూడా చూసి, దీపం ఆపి, తాళం వేశాను.